డూమ్‌ను ఒక్కడే చేశాడన్నది నిజం కాదు

ప్రోగ్రామింగ్ నేర్చుకునే కుర్రాళ్ల గ్రూపుల్లో ఒక పోస్టు ఏళ్ల తరబడి తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇదే: "1993లో జాన్ కార్మాక్ ఒంటిచేత్తో డూమ్ రాశాడు. ఫస్ట్ పర్సన్ షూటర్‌ను కనిపెట్టింది ఆయనే. పీసీ మీదకు అసలైన త్రీడీ తెచ్చింది ఆయనే. దానికోసం బీఎస్పీ అనే టెక్నిక్‌ను, ఒక మాయా సంఖ్యను సొంతంగా సృష్టించాడు. జాన్ రొమేరో, మిగతావాళ్లు ఆయన నీడలో పేరు తెచ్చుకున్నారు. తర్వాత రొమేరో తీసిన డైకటానా ఫ్లాప్ అవడమే రుజువు."

డూమ్ అంటే రాక్షసులను కాల్చుకుంటూ పరుగెత్తే కంప్యూటర్ ఆట, ఐడీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ చేసింది. కార్మాక్, రొమేరో ఇద్దరూ ఆ కంపెనీవాళ్లే. పాత్ర కళ్లలోంచే చూస్తున్నట్టు ఆడే కాల్పుల ఆటను ఫస్ట్ పర్సన్ షూటర్ అంటారు.

కార్మాక్ అంటే నాకు ఎంతో గౌరవం. ఆయన కోడ్ చదివి నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకే ఈ పోస్టు కనిపించినప్పుడల్లా బాధేస్తుంది. ఆయన చేసిన పని చాలా పెద్దది, దానికి అబద్ధాల తోడు అక్కర్లేదు. పైగా ఈ అబద్ధాల వల్ల ఆ చిన్న ఆఫీసులో రాత్రింబవళ్లు పనిచేసిన మిగతావాళ్ల కష్టం లెక్కలోకే రాకుండా పోతోంది.

మొదట కనిపెట్టడం సంగతి. నాసా ఏమ్స్ కేంద్రంలో స్టీవ్ కాలీ, గ్రెగ్ థాంప్సన్, హోవర్డ్ పామర్ అనే కుర్రాళ్లు 1973-74 ప్రాంతంలోనే మేజ్ వార్ అనే ఆట చేశారు. ఉత్త గీతలతో గీసిన నడవాలు, మలుపులో ఎదురయ్యే మరో ఆటగాడు, వాణ్ని కాల్చడం, అంతే. థాంప్సన్ దాన్ని ఎంఐటీకి తీసుకెళ్లాడు. 1974లోనే ఇల్లినాయ్ యూనివర్సిటీ ప్లేటో కంప్యూటర్ సిస్టం మీద జిమ్ బోవరీ స్పాసిమ్ అనే అంతరిక్ష ఆట చేశాడు. కార్మాక్ పుట్టింది 1970లో. నాలుగేళ్ల పిల్లవాడు కనిపెట్టాడని ఎవరూ అనరు కదా.

డూమ్‌కు ముందు ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లే మూడు మెట్లు ఎక్కారు: 1991లో హోవర్‌ట్యాంక్, అదే ఏడాది చివర్లో కాటకూంబ్ త్రీడీ, 1992 మేలో వోల్ఫెన్‌స్టీన్ త్రీడీ. గోడల మీద బొమ్మలు అతికించే పద్ధతి, అంటే టెక్స్చర్ మ్యాపింగ్, కాటకూంబ్‌లోకి వచ్చింది. ఆ కబురు కంపెనీలోకి ఎలా వచ్చిందో తెలుసా? అల్టిమా అండర్‌వరల్డ్ అనే ఆట తయారుచేస్తున్న పాల్ న్యూరత్ ఫోన్‌లో రొమేరోతో మాట్లాడుతూ తాము చేస్తున్న పని గురించి చెప్పాడు. రొమేరో దాన్ని కార్మాక్‌కు చెప్పాడు. కార్మాక్ కాసేపు ఆలోచించి చెయ్యగలనన్నాడు, చేసి చూపించాడు. చేసింది కార్మాకే, అందులో అనుమానం లేదు. కానీ ఆలోచన ఒకరి నుంచి ఒకరికి అలా చేరింది. అల్టిమా అండర్‌వరల్డ్ 1992 మార్చిలో, అంటే వోల్ఫెన్‌స్టీన్ కంటే ముందే వచ్చింది. అందులో వాలు నేలలున్నాయి, తలెత్తి పైకి చూడొచ్చు. కాకపోతే నెమ్మది. ఐడీ వాళ్లు వేగాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపికే వాళ్లను గెలిపించింది. వోల్ఫెన్‌స్టీన్ అన్న పేరు కూడా సైలస్ వార్నర్ 1981లో చేసిన ఆట నుంచి తీసుకున్నదే.

"అసలైన త్రీడీ" అన్న మాట సాంకేతికంగానే తప్పు. డూమ్ మ్యాప్ నిజానికి కాగితం మీద గీసిన ఇంటి ప్లాన్ లాంటిది. గీతలు గోడలు, గీతల మధ్య జాగా గది, ప్రతి గదికీ నేల ఎత్తు ఒక అంకె, కప్పు ఎత్తు ఇంకో అంకె. అందుకే ఒక గది మీద మరో గది కట్టడం కుదరదు. గోడలన్నీ నిట్టనిలువుగానే ఉంటాయి. తలెత్తి పైకి చూడలేరు. ఎక్కడో పైన ఎగురుతున్న కాకోడెమన్ అనే రాక్షసుడి కింద నుంచి దూరిపోదామన్నా కుదరదు, ఎందుకంటే అడ్డు చూసేటప్పుడు ఆట దాని ఎత్తును పట్టించుకోదు. రాక్షసులు కూడా ఎనిమిది దిక్కుల నుంచి చూపించే చదునైన బొమ్మలే. ఇవి లోపాలని అనడం లేదు. 386, 486 అనే ఆనాటి పీసీల మీద ఆట పరుగెత్తాలంటే దేన్ని వదులుకోవాలో తెలిసి వదులుకున్నారు. నన్నడిగితే కార్మాక్ గొప్పతనం అక్కడే ఉంది: కంటికి త్రీడీ అనిపించేంత చాలు, మిగతా లెక్క మానెయ్యి అన్న తెగువలో.

పూర్తి త్రీడీ కావాలంటే 1995లో వచ్చిన డిసెంట్‌ను చూడాలి, తర్వాత 1996 జూన్‌లో ఐడీ వాళ్లే విడుదల చేసిన క్వేక్‌ను చూడాలి. ఆ క్వేక్ ఇంజన్ వెనక, అంటే ఆటను తెర మీద నడిపించే మూల కోడ్ వెనక కూడా మైకేల్ ఏబ్రాష్, జాన్ క్యాష్ ఉన్నారు. పెంటియం ప్రాసెసర్ మీద క్వేక్ అంత వేగంగా నడవడానికి ఏబ్రాష్ అసెంబ్లీ భాషలో రాసిన కోడ్ పెద్ద కారణం. ఇంజనీరింగ్ హాస్టల్లో ల్యాన్ కేబుళ్లు లాగి రాత్రంతా కౌంటర్ స్ట్రైక్ ఆడిన మనవాళ్లందరూ ఈ వంశంలోని ఆటే ఆడారు. కౌంటర్ స్ట్రైక్ హాఫ్ లైఫ్ అనే ఆటకు మాడ్, అంటే దాన్ని మార్చి చేసుకున్న ఆట, హాఫ్ లైఫ్ ఇంజన్ క్వేక్ ఇంజన్‌ను మార్చి చేసుకున్నది.

ఇక బీఎస్పీ, అంటే బైనరీ స్పేస్ పార్టిషన్. ఇది కార్మాక్ సృష్టి అని రాసినవాళ్లకు 1980 నాటి పరిశోధన పత్రం ఒకటి చూపించాలి. హెన్రీ ఫుక్స్, జ్వీ కెడెమ్, బ్రూస్ నేలర్ ముగ్గురూ కలిసి రాసింది. ఒక గీతతో జాగాను రెండు ముక్కలు చెయ్యి, ప్రతి ముక్కనూ మళ్లీ రెండు చెయ్యి, అలా చేసుకుంటూ పో. ఈ పనంతా ముందే చేసి ఫైల్లో దాచుకుంటే, ఆట నడిచేటప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డా ఏ గోడ దగ్గరిదో, ఏది దూరందో వెతుక్కోకుండా తెలిసిపోతుంది. ఆ మూల ఆలోచన 1969 నాటి పరిశోధనల్లో కూడా ఉంది.

మరి కార్మాక్ ఏం చేశాడు? ఇక్కడే అసలు కథ ఉంది. డూమ్ మొదటి ఇంజన్ గది నుంచి పక్క గదిలోకి తొంగి చూసుకుంటూ గీసేది. రొమేరో మెట్ల వరసలతో, రకరకాల ఎత్తులతో మ్యాపులు కట్టేసరికి ఆ పద్ధతి నెమ్మదించిపోయింది. అదే సమయంలో వోల్ఫెన్‌స్టీన్‌ను సూపర్ నింటెండో అనే గేమ్ కన్సోల్‌కు మార్చాల్సిన పని వచ్చిపడింది. ఆ చిన్న మెషీన్ మీద ఆటగాడి కంటి నుంచి గీతలు పంపి గోడలు వెతికే పాత రేకాస్టింగ్ పద్ధతి పనికిరాలేదు. కార్మాక్ బీఎస్పీని మొదట అక్కడ వాడాడు. పనిచేసింది, డూమ్‌లోకి తెచ్చాడు. పత్రాల్లో ఈ పద్ధతితో దూరపు గోడ నుంచి దగ్గరి గోడకు గీసేవాళ్లు, ఆయన దాన్ని తిరగేసి దగ్గరి నుంచి దూరానికి గీశాడు. ముందు గోడ తెర మీద ఎంత మేర నింపిందో గుర్తుపెట్టుకుంటే వెనక ఉన్నది గీయక్కర్లేదు. వేగం అక్కడి నుంచి వచ్చింది. పక్కవాడు కట్టిన మెట్లు ఇంజన్‌ను ఇబ్బంది పెట్టకపోతే ఆ అవసరం అప్పుడే వచ్చి ఉండేదా? ఒంటరి మేధావి కథలో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

మాయా సంఖ్య గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ సంఖ్యను వాడి వర్గమూలపు విలోమాన్ని చిటికెలో లెక్కగట్టే కోడ్ అసలు డూమ్‌లో లేనే లేదు. అది 1999 నాటి క్వేక్ 3 ఎరీనాలోది. దాని సోర్స్ 2005లో బయటికొచ్చినప్పుడు అందరి కళ్లలో పడింది. ఆ పద్ధతి మూలాలు వెతికినవాళ్లకు గ్రెగ్ వాల్ష్, గ్యారీ టరోలీ, విలియం కహాన్ లాంటి పేర్లు 1980ల నుంచీ దొరుకుతున్నాయి.

"మిగతావాళ్లు ఆయన నీడలో" అన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. మొదటి లెవెల్‌నే తీసుకోండి. ఆట మొదలైన గదిలోంచి కిటికీ బయట చూస్తే ఆకాశం కింద ఒక ఆవరణ, అందులో ఒక మడుగు, మధ్యలో నీలం కవచం కనిపిస్తాయి. అక్కడికి తలుపు లేదు. ముందుకెళ్లి, వంకర టింకర దారి ఉన్న గదిలో గోడ వెనక దాచిన మార్గం కనిపెడితే అక్కడికి చేరొచ్చు. కంటికి కనిపించిన బయటి చోటుకి ఎలాగోలా వెళ్లగలగాలి అనేది రొమేరో పెట్టుకున్న నియమం. చీకటి పక్కన వెలుగు ఉండాలి, నేల రంగు మారితే ఎత్తూ మారాలి, ఒకసారి వదిలిన చోటుకి మరో దారిలో మళ్లీ రావాలి, ఇవీ ఆయన నియమాలే. మొదటి ఎపిసోడ్‌లో, అంటే ఆట తొలి భాగంలో, ఎక్కువ లెవెళ్లు ఆయన చేతివే. తమాషా ఏమిటంటే, ఆ ఎపిసోడ్‌లో ఈ మొదటి లెవెల్‌ను ఆయన అన్నిటికన్నా ఆఖర్న కట్టాడు, అప్పటికి చెయ్యి బాగా తిరిగింది కాబట్టి.

అంతేకాదు, లెవెళ్లు గీయడానికి టీమంతా వాడిన డూమ్‌ఎడ్ ఎడిటర్ రొమేరో నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ల మీద రాసిందే. తలుపులు తెరుచుకోవడం, లిఫ్టులు కదలడం, లైట్లు మిణుకుమనడం వెనక కోడ్‌లో ఆయన పని ఉంది. ఆటగాళ్లు ఒకరినొకరు కాల్చుకునే పోటీకి డెత్‌మ్యాచ్ అన్న పేరూ ఆయన పెట్టిందే. రొమేరో కోడర్ కాదనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా చాలు.

శాండీ పీటర్సన్ పేరు ఎంతమందికి తెలుసు? 1993 సెప్టెంబర్‌లో, విడుదలకు సుమారు పది వారాల ముందు ఆయన కంపెనీలో చేరాడు. ఆటలోని 27 లెవెళ్లలో 19 ఆయన చేతుల మీదుగా పూర్తయ్యాయి. వాటిలో ఎనిమిది టామ్ హాల్ మొదలుపెట్టి వదిలినవి. ఆ టామ్ హాల్ కంపెనీ స్థాపించిన నలుగురిలో ఒకడు. డూమ్‌కు మొదటి ప్రణాళిక పత్రం రాసింది ఆయనే. కథ ఎక్కువ కావాలన్నాడు, మిగతావాళ్లు వద్దన్నారు. 1993 ఆగస్టులో బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఆట చూడకుండా వెళ్లిపోయిన మనిషి పని ఆటలో అలా నిలిచి ఉంది.

ఆర్టిస్టు ఏడ్రియన్ కార్మాక్ ఇంటిపేరు చూసి తమ్ముడనుకుంటారు, చుట్టరికమేమీ లేదు. సైబర్‌డెమన్ అనే రాక్షసుణ్ని ఆయన మట్టితో మలిచాడు. దాన్ని తిప్పుతూ అన్ని వైపుల నుంచీ వీడియో తీసి బొమ్మలు చేశారు. స్పైడర్ మాస్టర్‌మైండ్ అనే మరో రాక్షసి నమూనా చేసింది గ్రెగర్ పంచాట్జ్. తుపాకులు బొమ్మల దుకాణంలో కొన్నవి, వాటిని పట్టుకున్న చేతులు కెవిన్ క్లౌడ్‌వి. రంపం మాత్రం నిజమైనదే, టామ్ హాల్ గర్ల్‌ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చారు. సంగీతం, శబ్దాలు బాబీ ప్రిన్స్‌వి. ఆయన వృత్తిరీత్యా లాయరు. కింద ముఖం కనిపించే స్టేటస్ బార్, మ్యాప్ చూపించే తెర, చీట్ కోడ్‌లు ఇవన్నీ ఆటలో కూర్చింది డేవ్ టేలర్. 1993 డిసెంబర్ 10న ఆటను విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నది జే విల్బర్. ఆట కోసం కాచుకున్న జనంతో సర్వర్ నిండిపోయి, ఎక్కించాల్సిన వాడికే చోటు దొరకలేదు.

మొదటి ఎపిసోడ్ ఉచితంగా ఇచ్చి మిగతాది అమ్మే పద్ధతి కూడా వాళ్లు అపోజీ అనే ఆటల కంపెనీ యజమాని స్కాట్ మిల్లర్ దగ్గర చూసిందే. తమ పాత ఆట కమాండర్ కీన్‌ను అలాగే అమ్మారు.

కార్మాక్‌కు పూర్తిగా దక్కాల్సిన విషయం ఒకటుంది, ఆ పోస్టులో అదే ఉండదు. ఇంజన్‌ను, ఆట సామగ్రిని వేరుచేసి సామగ్రినంతా (లెవెళ్లు, బొమ్మలు, శబ్దాలు) వ్యాడ్ అనే ఫైల్లో పెట్టడం, జనం మార్చుకోవడానికి వీలివ్వడం, 1997 డిసెంబర్ 23న సోర్స్ కోడ్ బయటపెట్టడం. కంపెనీలో కొందరు జంకినా ఆయన గట్టిగా నిలబడ్డాడు. ఇవాళ్టికీ డూమ్ బతికి ఉండటానికి కారణం ఇది. అయితే ఇక్కడా ఆయన ఒక్కడే లేడు. సోర్స్‌ను విడుదలకు తగ్గట్టు సర్దిపెట్టింది బెర్న్డ్ క్రైమెయర్. బయట ఇచ్చింది లైనక్స్ రూపం, ఎందుకంటే డాస్ రూపంలోని శబ్దాల లైబ్రరీ వేరేవాళ్ల దగ్గర లైసెన్స్‌కు తీసుకున్నది. సోర్స్ రాకముందే, 1994లోనే బ్రెండన్ వైబర్ లాంటి అభిమానులు ఫైళ్ల గుట్టు విప్పి లెవెల్ ఎడిటర్ రాసి ఉచితంగా పంచారు. ఆ తర్వాత వేలమంది సొంత లెవెళ్లు కట్టారు.

చివరిగా డైకటానా. 2000లో వచ్చిన ఆ ఆట బాగోలేదు, నిజం. దానికి ముందు చేసిన ప్రకటన రోత పుట్టించింది, అదీ నిజం. కానీ 2000 నాటి వైఫల్యం 1993 నాటి పనిని ఎలా చెరిపేస్తుంది? అదే లెక్కన రొమేరో భాగస్వామిగా పెట్టిన అయాన్ స్టార్మ్ కంపెనీ ఆస్టిన్ శాఖ నుంచే, అదే ఏడాది, వారెన్ స్పెక్టర్ టీమ్ డ్యూస్ ఎక్స్ తెచ్చింది. దాన్నెందుకు లెక్కించరు? 2019లో రొమేరో సిజిల్ పేరుతో డూమ్‌కు కొత్త ఎపిసోడ్ విడుదల చేశాడు. ఆడి చూసినవాళ్లకు ఆ చేతి పని ఇంకా మొద్దుబారలేదని తెలుస్తుంది. కార్మాక్ 2013లో ఐడీ వదిలి వర్చువల్ రియాలిటీ కంపెనీ ఆక్యులస్‌కు పూర్తిగా వెళ్లిపోయాడు. 2016లో ఐడీ నుంచి వచ్చిన కొత్త డూమ్‌కు మంచి పేరొచ్చింది. అది విడుదలైనప్పుడు కార్మాక్ అక్కడ లేడు, రొమేరో అయితే 1996లోనే వెళ్లిపోయాడు. దాన్ని నడిపించింది మార్టీ స్ట్రాటన్, హ్యూగో మార్టిన్, వాళ్ల టీమ్.