రెండు సెకన్ల భజన

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు యూరప్‌లో ఏదో ఒక ఊళ్లో ఫార్ములా వన్ రేసు మొదలవుతుంది. అదే వేళకు మన ఇళ్లలో ఒక కొత్త రకం పండితుడు సోఫాలో ఆసీనుడవుతాడు. ఒళ్లో మిక్చర్ గిన్నె, చేతిలో రిమోటు. తెర మీద కారు పిట్‌లోకి, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చే చోటికి, వస్తుంది, నాలుగు చక్రాలూ మారతాయి, కారు వెళ్లిపోతుంది. ఓ మూల, పట్టిన సెకన్ల అంకె వెలుగుతుంది: 2.6. పండితుడు పెదవి విరుస్తాడు.

"బాగా స్లో అండీ ఈ టీమ్."

స్లో! మనిషి ఒకసారి తుమ్మి ముక్కు తుడుచుకునే లోపు నాలుగు చక్రాలు మార్చిన వాళ్లు స్లో. ఈ పండితుడి సొంత కారు డిక్కీలో, చాప కింద, స్టెప్నీ ఉంటుంది. అందులో ఉన్నది కారు కొన్ననాడు షోరూమ్‌లో కొట్టిన గాలే. జాకీ ఏ మూల ఉందో దేవుడికెరుక. హైవే మీద ముందు టైరు పంక్చరైతే ఆయన మొదట జాకీ పెట్టి బండి లేపేస్తాడు, ఆ తర్వాత పానా పట్టుకుంటాడు. చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంది, నట్టు మాత్రం కదలదు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనేనని, నట్లను బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోవాలని, బిగించేటప్పుడు పక్కపక్కవి కాక ఎదురెదురువి బిగించాలని చెప్పడానికి పంక్చర్ షాపు కుర్రాడు స్కూటీ వేసుకుని రావాలి. కుర్రాడికి అరగంట పడుతుంది. ఆయన్ని మాత్రం ఎవరూ స్లో అనరు.

సరే, ఆ 2.6లో ఏముందో చూద్దాం, టీవీ ఎలాగూ చూపించదు. పిట్ లేన్‌లో వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, మొనాకోలో 60. ముందు జాకీ మనిషి ఆ వేగంతో వస్తున్న కారుకు సరిగ్గా ఎదురుగా నిలబడి ఉంటాడు. వెనక జాకీ మనిషి కారు తనను దాటాకే లోపలికి దూకాలి. ఒక్కో చక్రానికి ముగ్గురు: మోకాళ్ల మీద కూర్చుని నట్టు విప్పే గన్ పట్టినవాడు, పాత చక్రం లాగేవాడు, కొత్తది తోసేవాడు. నాలుగు మూళ్లు పన్నెండు. కారు ఊగకుండా నడుం దగ్గర పట్టుకునేవాళ్లు ఇద్దరు, ముందు రెక్క కోణం సవరించేవాళ్లు ఇద్దరు, పక్క గరాజు నుంచి ఇంకో కారు వస్తోందేమో చూసి వదిలేవాడు ఒకడు. అటూ ఇటూగా ఇరవై మంది. చక్రానికి ఉన్నది ఒకటే నట్టు, అదీ రిమ్ములోనే ఇమిడి ఉంటుంది కాబట్టి చేతిలోంచి జారి కింద పడే బెడద లేదు. డ్రైవరు గీత మీద ఆపాలి. జానెడు ముందుకు పోయాడా, పన్నెండు మందీ జరగాలి, అర సెకను గోవిందా. 2022లో చక్రం 13 అంగుళాల నుంచి 18కి పెరిగింది, బరువూ పెరిగింది. మోసేవాడి వీపుకు ఆ సంగతి తెలుసు, సోఫాకు తెలియదు.

ఇక అసలు లెక్క. ఒక పిట్ స్టాప్‌కు మొత్తం పోయేది ఇరవై సెకన్ల పైమాటే. అందులో చక్రాలు మార్చడానికి పట్టేది రెండు, రెండున్నర. మిగతాదంతా వేగం తగ్గించుకుని ఆ లేన్‌లో నెమ్మదిగా పాకడానికే. ఆ పద్దెనిమిది సెకన్ల గురించి ఎవరికీ దిగుల్లేదు, 2.3కీ 2.5కీ మధ్య తేడా గురించి మాత్రం ఇంటింటా సభలు. కొరియర్ కంపెనీ ఒకటి దీనికి ఏటేటా అవార్డు కూడా ఇస్తోంది. 2023 ఖతార్ రేసులో మెక్‌లారెన్ వాళ్లు నోరిస్ కారుకు 1.80 సెకన్లలో టైర్లు మార్చారు. ప్రపంచ రికార్డు. అంతకుముందు 1.82 రెడ్‌బుల్‌ది, 2019 బ్రెజిల్‌లో. మరి రికార్డు కొట్టిన నోరిస్ ఎన్నో స్థానంలో వచ్చాడు? మూడో స్థానంలో, సొంత జట్టువాడైన పియాస్ట్రీ వెనక. భజన మాత్రం ఈ రోజుకీ ఆగలేదు.

టీవీ దర్శకుడి ప్రతిభ ఇక్కడే చూడాలి. టైర్ల కథలో ఉత్కంఠ ఉండేది కారు పిట్ నుంచి బయటికి వచ్చాక. ముందున్నవాడు అరిగిన టైర్లతో ఇంకో ల్యాపు, అంటే ఇంకో చుట్టు, లాగుతున్నాడు, వెనకవాడు ముందే ఆగి కొత్త టైర్లతో ఆ ఒక్క ల్యాపులో సెకనున్నర మింగేస్తున్నాడు. దీన్నే అండర్‌కట్ అంటారు. మొదటివాడు ఆగి బయటికి వచ్చేసరికి ఇద్దరూ మొదటి మలుపులో చక్రానికి చక్రం రాసుకోవాలి. సరిగ్గా ఆ క్షణంలో దర్శకుడు గరాజులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏం జరుగుతోందో తెలియక నవ్వుతున్న సినిమా నటుణ్ణి చూపిస్తాడు. 2025 సింగపూర్ రేసు తర్వాత డ్రైవరు సైంజే ఈ పద్ధతిని బహిరంగంగా తప్పుపట్టాడు. దర్శకుడు మలుపు చూపించకపోయినా ఫర్వాలేదు, 2.6 చూపించాడుగా. పండితుడికి అది చాలు.

టీవీని ఇక్కడితో వదిలేద్దాం, రూల్స్ రాసే పెద్దల దగ్గరికి పోదాం. 2005లో వీళ్లే రేసు మధ్యలో టైర్లు మార్చకూడదని శాసనం చేశారు. ఒక్క సెట్టు, మొదటి నుంచి చివరి దాకా. ఆ ఏడాది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో రైకొనెన్ ముందంజలో ఉన్నాడు. బ్రేకులు పట్టేసి టైరు ఒకచోట చదునైంది, చక్రం అదిరింది, ఆ అదురుకు ఆఖరి ల్యాపులో సస్పెన్షన్ విరిగి కారు పక్కకు పోయింది, అలాన్సో గెలిచాడు. ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు వాలు మలుపును తట్టుకోలేవని తేలితే ఇరవై కార్లలో పద్నాలుగు పిట్‌లోకి వెళ్లిపోయాయి, ఆరు మాత్రమే పరిగెత్తాయి. ఆ ఆరింటిలో మన నరేన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి ఐదు పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ శాసనం వల్ల జరిగిన మంచి అదొక్కటే.

ఇరవై ఏళ్లు గడిచాయి. 2025 మే 25న, మొనాకోలో, అదే పెద్దలు కొత్త శాసనం అమలు చేశారు: రేసులో కనీసం మూడు సెట్ల టైర్లు వాడి తీరాలి. అంటే రెండుసార్లు ఆగి తీరాలి. టైరు అరిగిందా లేదా అన్నది అప్రస్తుతం. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. పిట్‌లోకి ఎందుకొచ్చావురా అంటే రూలు కోసం.

దీనికో పూర్వగాథ ఉంది. 2024లో అదే మొనాకోలో మొదటి ల్యాపులోనే పెరెజ్, మాగ్నుసెన్, హుల్కెన్‌బర్గ్ గుద్దుకుని, రేసును ఆపేసే రెడ్ ఫ్లాగ్ పడింది. రెడ్ ఫ్లాగ్ పడితే కారు ఆగి ఉండగానే తీరిగ్గా టైర్లు మార్చుకోవచ్చు, రెండు రకాల టైర్లు వాడాలన్న నిబంధన కూడా అక్కడే తీరిపోతుంది. ముందున్నవాళ్లంతా మార్చేసుకుని, మిగిలిన 77 ల్యాపులూ ఉత్సవ విగ్రహాల్లా ఊరేగారు. మొదటి పది స్థానాల్లో ఎవరు ఎక్కడ బయల్దేరారో సరిగ్గా అక్కడే దిగారు. ఇలాగైతే చూసేవాడు నిద్రపోతాడని కంగారు పడి పెద్దలు కనిపెట్టిన మందు ఈ రెండు స్టాపులు.

మందు పనిచేసిన తీరు చూడండి. మొనాకోలో దారి ఇరుకు, ముందువాణ్ణి దాటడం దాదాపు అసాధ్యం. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కంకర లారీ వెనక ఇరుక్కున్నట్టే. రేసింగ్ బుల్స్ జట్టు ఈ సంగతి పట్టేసింది. హాజర్ ముందు, అదే జట్టువాడు లాసన్ వెనక. లాసన్‌కు చెప్పిన పని లారీ వేషం. ల్యాపుకు రెండు మూడు సెకన్లు నెమ్మదించు, వెనకవాళ్లు హారన్ కొట్టుకోనీ. ఒక పది ల్యాపులయ్యేసరికి హాజర్‌కు ఇరవై సెకన్ల పైగా ఖాళీ దారి దొరుకుతుంది. తాపీగా పిట్‌లోకి వెళ్తాడు, టైర్లు మార్పించుకుంటాడు, లాసన్‌కు ముందే బయటికొస్తాడు. మళ్లీ అదే. రెండు స్టాపులు, నయాపైసా నష్టం లేదు. హాజర్ ఆరు, లాసన్ ఎనిమిది. ఇది చూసి విలియమ్స్ వాళ్లు ఊరుకుంటారా? ఆల్బన్, సైంజ్ వంతులు వేసుకుని ఒకరి కోసం ఒకరు లారీలయ్యారు. తొమ్మిది, పది. వెనక ఇరుక్కున్న రసెల్‌కు ఒళ్లు మండి, శిక్ష పడుతుందని తెలిసి తెలిసి షికేన్‌ను, అంటే మెలిక మలుపును, కోసేసి ఆల్బన్‌ను దాటాడు. శిక్ష పడింది, పదకొండో స్థానం. అటు వెర్‌స్టాపెన్ ముందు భాగంలో ఇంకో నాటకం వేశాడు. ఎవడైనా గోడకు గుద్దితే రెడ్ ఫ్లాగ్ పడుతుంది, రెండో స్టాపు ఉచితంగా వస్తుంది అని కాచుకుని కూర్చున్నాడు. ఎవడూ గుద్దలేదు. ఇంకో ల్యాపు మిగిలి ఉండగా, పెళ్లి భోజనాలయ్యాక విస్తరి వేసుకున్నవాడిలా పిట్‌లోకి వచ్చి టైర్లు మార్పించుకున్నాడు. నిగనిగలాడే కొత్త టైర్లు, మూడు కిలోమీటర్ల చిల్లర ప్రయాణం, నాలుగో స్థానం.

గెలిచింది నోరిస్, కానీ మన విషయం అది కాదు. ఇరవై సెకన్ల ఖాళీ చేతిలో ఉన్నవాడికి స్టాపు 2.1 అయితేనేం, 4.1 అయితేనేం? మెకానిక్కులు మధ్యలో తలా గ్లాసు మజ్జిగ తాగి వచ్చినా హాజర్‌కు ఒక్క స్థానం పోదు. అయినా తెర మూల ఆ అంకె, దశాంశంతో సహా. "హాజర్‌ది బాగా ఫాస్ట్ అండీ," అన్నాడు పండితుడు, గిన్నెలో అడుగున మిగిలిన వేరుశనగలు ఏరుకుంటూ.

(హైదరాబాద్ మాటెత్తకపోతే మనవాళ్లు నొచ్చుకుంటారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది ఫార్ములా ఈ, కరెంటు కార్ల రేసు. వానకూ ఎండకూ ఒకే రకం టైరు, రేసు మధ్యలో మార్చేది లేదు. వెర్న్ గెలిచాడు. టైర్లు మారలేదు గాని ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం మారింది, 2024 రేసు రద్దయింది.)

ఎంత వేగంగా మార్చారన్నది కాదు, ఎప్పుడు మార్చారన్నదే రేసును తేలుస్తుందని ఇంకా నమ్మనివాళ్లు 2025 ఖతార్ చూడాలి. ఒక సెట్టు మీద 25 ల్యాపులు దాటకూడదన్నది అక్కడి నిబంధన. రేసు 57 ల్యాపులు. ఏడో ల్యాపులో, అందరి వేగమూ తగ్గించే సేఫ్టీ కార్ వచ్చింది. 57లోంచి 7 తీస్తే 50, అంటే రెండు ఇరవై ఐదులు. ఆ క్షణాన ఆగితే స్టాపు చవకలో అయిపోతుంది, లెక్కా సరిపోతుంది. ఆరో తరగతి గుణకారం. దాదాపు అందరూ ఆగారు. ముందున్న మెక్‌లారెన్ వాళ్లు మాత్రం రెండు కార్లనూ బయటే ఉంచారు. వెర్‌స్టాపెన్ గెలిచాడు. 1.80 రికార్డు కొట్టిన జట్టే, కొట్టిన ఊళ్లోనే.

అన్నిటికన్నా నెమ్మది స్టాపు మొనాకోలోదే, 2021లో. బొటాస్ రెండో స్థానంలో ఉండి పిట్‌లోకి వచ్చాడు. గన్ సాకెట్ నట్టు మీద నిటారుగా కూర్చోకుండా కొంచెం వాలింది. స్క్రూడ్రైవర్ గాడిలో సరిగ్గా దిగకుండా తిప్పితే స్క్రూ తల అరిగిపోయినట్టు, క్షణంలో నట్టు అంచులు చెక్కుకుపోయాయి. గన్ తిరుగుతోంది, నట్టు తిరగదు. పంక్చర్ షాపు భాషలో నట్టు రౌండైపోయింది. రేసు అక్కడితో సరి. కారును ఇంగ్లండ్‌లోని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాక, రెండు రోజులకు, ఆ చక్రం ఊడింది. ఆ తప్పు గన్ మనిషిదని ఆ సాయంత్రం తీర్పు చెప్పిన సోఫాలు ఎన్నో. మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా పూర్తిగా ఆగని చక్రం మధ్యకు గురిపెట్టి, ఒక డిగ్రీ వాలకుండా ఆనించి చూపించండి బాబూ, మేమూ చప్పట్లు కొడతాం.

ఇక్కడి నుంచి నవ్వు రాదు.

2018 ఏప్రిల్ 8, బహ్రెయిన్. ఫెరారీ పిట్‌లో రైకొనెన్ కారు. మూడు చక్రాలు మారాయి. ఎడమ వెనక చక్రం ఊడనే లేదు. కానీ గన్ నుంచి వెళ్లిన సంకేతాన్ని యంత్రం "అయిపోయింది" అని చదివింది, పచ్చ లైటు వెలిగింది, కారు కదిలింది. పాత చక్రం వస్తే కొత్తది తొడుగుదామని ఎదురుగా నిలబడిన మనిషి కాలి మీదుగా కదిలింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆ రాత్రి అదే జట్టు వెటెల్ గెలుపు పండగ చేసుకుంది. జరిమానా 50,000 యూరోలు. అంతకు ఐదేళ్ల ముందు నూర్‌బర్గ్‌రింగ్‌లో సరిగ్గా బిగియని వెబర్ చక్రం ఊడి, పిట్ లేన్‌లో దొర్లుకుంటూ పోయి ఒక కెమెరామన్‌ను కొట్టింది. పక్కటెముకలు, కాలర్ బోన్ విరిగాయి. జరిమానా 30,000.

యంత్రం కన్నా మనిషి కళ్లను నమ్మండి, నట్టు బిగిశాక జాకీ దిగే ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి అని చెప్పడానికి పెద్దలకు 2018 నుంచి 2021 దాకా పట్టింది. చెప్పింది ఎంత? నట్టు బిగిశాక 0.15 సెకను, జాకీ దిగాక 0.2 సెకను. రెండూ కలిపితే సగం సెకను కూడా కాదు. దానికీ ఏడుపే! ఇది భద్రత కోసమా, రెడ్‌బుల్‌ను నెమ్మదింపజేయడానికా అని వారాల తరబడి చర్చ. ఒక మనిషి కాలు విరిగిన దృశ్యం చూశాక కూడా మీ బాధ పాయింట్ మూడు సెకన్ల గురించేనా? ఆ కాలు మీ ఇంటివాడిదైతే తెర మూల ఏ అంకె చూసేవాళ్లు? సిగ్గుండాలి. ఆ నియమం వచ్చాక రెండేళ్లకే 1.80 రికార్డు పడింది, అంటే ఆ ఆగడం వల్ల ఎవరికీ ఏమీ పోలేదు.

ఆ మూలన ఇప్పుడు ఇంకో కారు వస్తోంది. ముందు జాకీ మనిషి దానికి ఎదురుగా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ముక్కు కిందికి జాకీ దూరింది, లేచింది, నాలుగు గన్‌లు ఒక్కసారి అరిచాయి, మీట నొక్కి జాకీ దించేసి అతను పక్కకు తప్పుకున్నాడు. కారు అతని మోకాలిని రాసుకుంటూ వెళ్లింది. హెల్మెట్ లోపల ఆ ముఖం ఎలా ఉందో చూపిస్తారేమోనని చూశాం. నటుడు కొత్త టోపీ పెట్టుకున్నాడు.

2.4.