ఉస్మానియాకు పోతే మన పిల్లలు ఆగమైపోతారా?

సీపీగెట్ (తెలంగాణలో పీజీ సీట్ల కోసం రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ర్యాంకులు రాగానే మా నల్గొండ, పాలమూరు గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "పెద్ద యూనివర్సిటీలో మన పిల్లల్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. ఉస్మానియా ముందు పెడితే ఇక్కడి సీటూ పోతుంది. పట్నం ఖర్చు మనతోని కాదు. సర్టిఫికెట్ ఎక్కడిదైనా ఒకటే." ఈసారి మా మేనత్తే నాకు పంపింది, "నువ్వు అక్కడే కెమిస్ట్రీ చదివినవు గదరా, పిల్లను ఎటు పంపాలె?" అని.

ముందు ఆప్షన్ల ముచ్చట, అసలు నష్టం అక్కడే. పరీక్ష ఒక్కటే, ఆ ర్యాంకుతోనే ఉస్మానియాకు, నల్గొండలోని మహాత్మాగాంధీకి, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీకి ఆప్షన్లు పెట్టుకుంటాం. మొదటిది రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది చూస్తారు. పైన ఉస్మానియా ఉందని కింది పాలమూరు ఎటూ పోదు. అసలు పెట్టని కాలేజీ మాత్రం ఎంత మంచి ర్యాంకుకైనా రాదు. మా మరదలు రెండే పెట్టి కూర్చుంది!

పట్టించుకోరన్న మాట. 1918 నాటి యూనివర్సిటీ, అంత పెద్ద క్యాంపస్, మొదటిరోజు భయం సహజమే. తార్నాకలో బస్సు దిగి సైన్స్ కాలేజీ ఎటని ముగ్గురిని అడిగితే మూడు దారులు చెప్పారు. వారం తిరిగేసరికి నా యూనివర్సిటీ ఒక క్లాసు, ఒక ల్యాబు, ఒక మెస్సు, అంతే. బ్యూరెట్ రీడింగ్ పైనుంచి వంగి చూసి తప్పు రాస్తున్నానని పట్టుకున్నది పక్క టేబుల్ అచ్చంపేట పిలగాడు. సార్లే వచ్చి పలకరించాలని వెనక బెంచీలో కూర్చుంటే మాత్రం ఆ మెసేజే నిజమవుతుంది. నేను ముందు బెంచీకి మారి, క్లాసవగానే డౌటు పట్టుకొని సార్ వెంట నడిచేవాణ్ని. ఒక్కోసారి డౌటు లేకున్నా.

ఖర్చు సంగతి సగం నిజం. సర్కారు స్కాలర్‌షిప్పుల్లో ఆర్‌టీఎఫ్ (ఫీజు రీయింబర్స్‌మెంట్) ఫీజుకు, ఎంటీఎఫ్ (మెయింటెనెన్స్ ఫీజు) మెస్సుకు పనికొస్తాయి గానీ చెప్పిన టైముకు పడవు. హాస్టల్ దొరకకపోతే రూమ్ అద్దె నెత్తిన పడుతుంది. అందుకే సీటు కన్నా ముందు హాస్టల్ సంగతి అడగాలి.

సర్టిఫికెట్ ఒకటేనా? గ్రూప్స్ అర్హత వరకు ఒకటే. కానీ లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కు ఏం చదవాలో, ఏ నోటిఫికేషన్ ఎప్పుడు పడిందో నాకు తెలిసింది మెస్సు లైన్లో, సీనియర్ల మాటల్లో.

అలాగని 2007లో వచ్చిన మహాత్మాగాంధీ, 2008లో వచ్చిన పాలమూరు తక్కువవేం కాదు. ఇల్లు దగ్గర, క్లాసు చిన్నది, ఇంట్లో బాగోలేని అమ్మానాన్నలుంటే అదే సరైన నిర్ణయం. పేరు చూడకుండా డిపార్ట్‌మెంటుకు పోయి రెగ్యులర్ సార్లు ఎంతమంది, ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తున్నారా అని అక్కడి ఫైనలియర్ పిల్లల్ని అడగండి. ఆఫీసులో కాదు, క్యాంటీన్లో.

నిన్న రాత్రికి మరదలి ఆప్షన్లు తొమ్మిదయ్యాయి. మేనత్త ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం ఇద్దరినీ తీసుకొని ముందు మహాత్మాగాంధీ క్యాంపస్ ఉన్న అన్నెపర్తికి, ఆ తర్వాత తార్నాకకు పోతున్నాం.