గంటే కదా!

హైదరాబాద్ నుంచి విజయవాడకి విమానంలో గంటే. ఎల్బీనగర్ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈ మాట అని చూడండి, పక్కవాళ్లు కాస్త జరిగి చోటిస్తారు. ఇంత గౌరవం తెచ్చిపెడుతున్న ఆ గంట మీద సమగ్ర విచారణ అవసరం.

శంషాబాద్ నుంచి గన్నవరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 264 కిలోమీటర్లు. తాతల లెక్కలో ఇరవై ఆమడలు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్, అదే రెక్కకో పంకా ఉండే చిన్న విమానం, గంటకి 500 కిలోమీటర్లు పోగలదు. అంటే అరగంట చాలు. టికెట్ మీద మాత్రం గంటా పది ఉంటుంది. మిగతా నలభై నిమిషాలు ఎవరు మింగారు? రన్‌వే దాకా నేలమీద పాకడానికి కొన్ని. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం అందదు గనక కొన్ని. మన గీత మీద కాక కింద నుంచి విమానాల్ని నడిపించే కంట్రోలర్ చూపించిన దారిన పోవాలి గనక ఇంకొన్ని. పైన కంపెనీవారి కొసరు. పావుగంట లోపు ఆలస్యాన్ని డీజీసీఏ, అదే విమానాల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ, ఆలస్యం కింద లెక్కించదు, అయినా షెడ్యూల్లో ముందే నాలుగు నిమిషాలు దాచుకుంటారు. తర్వాత 'అనుకున్న సమయానికంటే ముందే చేరాం' అని మైకులో చెప్పి మురుస్తారు.

ఇప్పుడు ఎల్బీనగర్ పెద్దమనిషిని చూద్దాం. ఈయన ఇల్లు విజయవాడ హైవే మొదట్లోనే ఉంది. 9 గంటల విమానం కోసం 6.15కి క్యాబ్ ఎక్కి, విజయవాడకి వీపు చూపించి శంషాబాద్ వైపు బయల్దేరతాడు. అదే నిమిషాన ఆయన బావమరిది ఇంటిముందు బస్సెక్కాడు. ఈయన సెక్యూరిటీ దగ్గర ట్రేలో బెల్టు పెడుతుండగా ఆయన పంతంగి టోల్‌గేటు దాటాడు. ఈయన గేటు దగ్గర కూర్చునే వేళకి ఆయన సూర్యాపేటలో టిఫిన్ చేస్తున్నాడు.

ఏటీఆర్‌లో ఇంకో ధర్మసూక్ష్మం ఉంది. మనుషులు ఎక్కి దిగే తలుపు వెనకవైపు. అందరికంటే ముందు దిగాలని అదనంగా కట్టి మొదటి వరస కొనుక్కున్నవాడు అందరికంటే చివర దిగుతాడు. చక్రాల సూట్‌కేసు పైఅరలో పట్టదు గనక దాన్ని మెట్ల దగ్గరే తీసేసుకుంటారు. దిగాక మళ్లీ దానికోసం నిలబడాలి.

10.10కి గన్నవరం. పెట్టె చేతికొచ్చి, కారు దొరికి, విజయవాడ బెంజి సర్కిల్ చేరేసరికి 11.05. బస్సు 11.15కి వచ్చింది. పది నిమిషాల ఘనవిజయం! టికెట్ ధరని ఆ పదితో భాగించే పని ఆయన భార్యకి వదిలేద్దాం.

సంక్రాంతికి మాత్రం విమానమే నయమని ఒప్పుకోవాలి. పంతంగి దగ్గర కార్లు కదలవు. ఆ రోజుల్లో టికెట్ ధర కూడా కిందికి దిగదనుకోండి.

కానీ అదే చలికాలంలో గన్నవరం మీద పొద్దున్నే పొగమంచు కప్పుతుంది. రన్‌వే కనబడక విమానం నాలుగు చుట్లు తిరిగి, చూసి చూసి శంషాబాద్‌కే వెనక్కి వస్తుంది. ఐదొందల పైచిలుకు కిలోమీటర్లు ఎగిరి, ఎక్కిన చోటే దిగిన పెద్దమనిషి ఫోన్ ఆన్ చేస్తాడు.

"బావగారూ, బెంజి సర్కిల్‌లో దిగాను. మీరెంతవరకు వచ్చారు?"