ఆయమ్మను వేళకు పంపించడం ఎవరి పని?

పాలమూరు పట్టణంలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఈ మధ్య ఎవరిని పలకరించినా ఒకటే ఫిర్యాదు: ఆయమ్మలు నిలవడం లేదు, పాప అలవాటు పడేలోపే మానేస్తున్నారు. ఎక్కువ జీతానికి ఆశపడుతున్నారనీ, ఫోను పట్టుకుని కూర్చుంటున్నారనీ మనమే కారణాలు చెప్పుకుంటాం. నేను చూసిన ఇళ్లలో మాత్రం వాళ్లు మానేసింది జీతం చాలక కాదు, సాయంత్రం ఇల్లు ఎప్పుడు చేరతారో ఏ రోజుకా రోజు తెలియక. పొద్దున ఎనిమిదికి రమ్మన్నప్పుడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఫోను చేసే మనం, పంపించే వేళకు మాత్రం ఎంతో ఉదారంగా 'ఇంకొక్క పది నిమిషాలు' అంటుంటాం.

నేను బ్యాంకులో పని చేస్తాను, మావారు వారానికి మూడు రోజులు హైదరాబాదు వెళ్లి వస్తారు. మార్చి నెలాఖరులో నేను ఎప్పుడు ఇల్లు చేరతానో నాకే తెలియదు, కాబట్టి ఆయమ్మతో ఎక్కువ గంటల అవసరం ఉండదని నేను బుకాయించను. అవసరం ఉంది. ఆ అవసరానికి వెల ఎవరు కడుతున్నారన్నదే నా ప్రశ్న.

మా పాపను చూసుకునే ఆమె హన్వాడ దిక్కున్న ఒక ఊరి నుంచి పల్లెవెలుగు బస్సులో వస్తుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం వచ్చాకే ఆమెకు పట్టణంలో పని చేయడం గిట్టుబాటయింది. టికెట్ ఉచితమే గానీ బస్సు ఎవరి కోసమూ ఆగదు. "అక్కా, ఆరున్నర బండి పోతే మల్ల ఆటో నిండేదాంక బస్టాండ్ల నిలబడాలె, నేను పోయేదాంక ఇంటికాడ పొయ్యి గూడ అంటుకోదు" అని ఆమె చేరిన కొత్తలోనే చెప్పింది. అంటే మనం చేసే ఇరవై నిమిషాల ఆలస్యం ఆమె దగ్గరికి వెళ్లేసరికి గంటన్నర అవుతుంది, అందులో కొంత చీకట్లో నడక కూడా ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. నెలకు 12,000 రూపాయలు, 26 రోజులు, రోజుకు పది గంటలు అని మాట్లాడుకుంటే గంటకు 46 రూపాయలు పడుతుంది. అదే మనిషి పన్నెండు గంటలు ఉంటే గంటకు 38 రూపాయలే. జీతంలో ఒక్క రూపాయి కోయకుండానే మనం కూలి తగ్గించినట్టు, పైగా పండుగకు చీర పెట్టినందుకు మంచివాళ్లమని పేరు కూడా తెచ్చుకున్నట్టు. ఇదే జిల్లాలో పోలేపల్లి సెజ్‌లోని కంపెనీకి వెళ్లే కార్మికుడికి 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల హద్దు పెట్టి, దాటిన గంటకు రెట్టింపు కూలి ఇవ్వాలన్నది. పిల్లను ఎత్తుకుని తిరిగే పనికి అటువంటి హద్దు మన ఇళ్లలో ఎవరూ గీయలేదు. కూలీలను కూడగట్టి తీసుకుపోయే గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, ఊరూ ఇల్లూ వదిలి, ప్రాజెక్టుల దగ్గర పొద్దు లెక్క లేకుండా మట్టి మోసిన జిల్లా మనది. లెక్కలేని పని ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"పాప పడుకున్నప్పుడు ఆమె కూడా పడుకుంటుంది కదా, అదంతా పనేనా?" అని మా కాలనీలో ఒకరు అడిగారు. పనే. పాప కదిలితే లేవవలసిన మనిషిది నిద్ర ఎట్లా అవుతుంది? ఇంటి పనివారి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండవలసిన వేళను కూడా, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పని గంటలలో చేర్చాలని చెబుతుంది, వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని కూడా అంటుంది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. అసలు సంగతి ఏమిటంటే చాలా ఇళ్లలో ఆ నిద్రవేళ కూడా ఆమెకు మిగలదు, చిక్కుడుకాయలు ఒలవడంతో మొదలై బట్టలు మడతపెట్టడం దాకా వెళుతుంది.

ఇంకొక వాదన కొంత బరువైనది: మాకే ఆఫీసులో అదనపు గంటకు పైసా రాదు, మేమెక్కడి నుంచి ఇస్తాం? ఆ బాధ నాకు తెలుసు, బ్యాంకు అధికారులకు ఓవర్‌టైం లేదు. అయితే మన మేనేజరుతో తేల్చుకోవలసిన తగాదాను మనకంటే తక్కువ జీతం ఉన్న మనిషి నెత్తిన దించడం న్యాయం కాదు. చట్టం కూడా మనల్ని సగం దారిలోనే వదిలింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, 50 మంది, ఆపైన పని చేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. మా వంటి శాఖలో పదిమంది ఉంటే గొప్ప. ఆరు నెలల సెలవు ముగిసిన రోజు నుంచి బడిలో చేర్చేదాకా ఉన్న ఖాళీ అంతా ఆయమ్మ భుజాల మీదే నడుస్తుంది.

మా ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండరు మీదనే ఆమె వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాస్తాం, రాసేది ఆమే. ఆరు దాటితే గంటకు రెట్టింపు, ఆటో ఖర్చు మాది. ఆలస్యమవుతుందని నాలుగు గంటలలోపే చెప్పాలి, ఆమె కాదంటే కాదన్నట్టే. ఆ ఫోను చేసే పని ఆడదాని మీదే పడటం నాకు నచ్చలేదు, అందుకే ఎవరు ఆలస్యమైతే వాళ్లే చేయాలని పెట్టుకున్నాం. చిత్రమేమిటంటే, ఆయమ్మకు తానే ఫోను చేసి అడగవలసి వచ్చాక మావారి సాయంత్రం మీటింగులు కొన్ని పొద్దుటికి మారాయి. మార్చి వంటి నెలలకు మా గల్లీలోనే ఉండే ఒకావిడను సాయంత్రం రెండు గంటలకు మాట్లాడుకున్నాం. ఖర్చు పెరిగింది, దాని కోసం వేరేవి తగ్గించుకున్నాం.

దీపావళి తరువాత కురుమూర్తి జాతరకు రెండు రోజులు రానని ఆయమ్మ ఇప్పుడే చెప్పి పెట్టింది. బ్యాంకు సెలవుల జాబితాలో ఆ జాతర లేదు, ఒక రోజు నేను, ఒక రోజు మావారు సెలవు పెట్టాం. జాతరకు వెళ్లేది ఆయమ్మ అయితే సెలవు మీకెందుకని ఆయన మేనేజరు అడిగాడట, అయినా మంజూరు చేశాడు.