మంచాన పడ్డ మనిషికి ఆరు నెలల గడువా?

పనికి పోతున్న తాపీ మేస్త్రీ బైకును వెనక నుంచి లారీ గుద్దితే, ప్రాణం దక్కినా ఒక్కోసారి వెన్నుపూస విరిగి నడుము కింద చచ్చుబడిపోతుంది. అలాంటి ఇల్లు మనలో చాలామంది చూసిందే. ఆ రోజు నుంచి ఆయన భార్య కూలికి వెళ్లలేదు. రెండు గంటలకోసారి, అర్ధరాత్రి అయినా సరే, ఆయన్ను పక్కకు తిప్పాలి. లేదంటే పిరుదుల మీద, మడమల దగ్గర పుండ్లు పడి చీము పడుతుంది. మూత్రం గొట్టం చూసుకోవాలి, పక్క బట్టలు మార్చాలి. ఈ చాకిరీకి జీతం లేదు, సెలవు లేదు. పరిహారం లెక్క కట్టేటప్పుడు చాలాసార్లు అది లెక్కలోకే రాదు.

రావాలని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ప్రమాదంలో పూర్తిగా మంచానికే పరిమితమైన 12 ఏళ్ల బాలిక కేసులో 2020లో ఇద్దరు సహాయకులకూ కలిపి నెలకు 10,000 రూపాయలు లెక్కగట్టి, ఏడాదికయ్యే మొత్తాన్ని 18తో (బాధితుల వయసును బట్టి కోర్టులు వాడే గుణకం అది) హెచ్చించి, ఆ ఒక్క పద్దు కిందే 21.60 లక్షలు ఇప్పించింది. వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే కాదు, దానివల్ల సంపాదన ఎంత పోయిందో చూడాలని 2010లోనే తేల్చింది. ఎడమ చెయ్యి పోతే గుమస్తా నెట్టుకురాగలడేమో, డ్రైవరు బతుకు మాత్రం ఆగిపోతుంది.

ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మనవాళ్లు ఎందుకు నష్టపోతున్నారు? ఒక కారణం గడువు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. వెన్ను విరిగిన మనిషికి ఆ ఆరు నెలలూ ఆపరేషన్లకీ, అప్పులకీ, ఫిజియోథెరపీకే చాలవు. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం పెద్ద ఊరట. కానీ అది మధ్యంతరమే, తుది తీర్పు కాదు. పార్లమెంటు ఆ నిబంధనను తీసేయాలి.

అంతదాకా చేయగలిగింది పోలీస్ స్టేషన్లోనే ఉంది. పోలీసులు పంపే ప్రమాద నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవాలని ఇదే చట్టం చెబుతోంది. ఆ నివేదిక వేళకు చేరితే, భర్తను వదిలి ఆ ఇల్లాలు వకీలు ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని చాలా తగ్గుతుంది. తీవ్ర గాయాల కేసుల్లో అది వేళకు వెళ్లిందో లేదో తెలుగు రాష్ట్రాలు రెండూ జిల్లాలవారీగా, నెలనెలా బయటపెట్టాలని మేము కోరుతున్నాం.