గీత కాదు, స్పెక్ట్రోగ్రామ్ కావాలి

భూగర్భ మెట్రో శబ్దాన్ని బొమ్మగా మలచడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో, దాన్ని వేవ్‌ఫారం గీతగా (శబ్దం క్షణక్షణానికి ఎంత ఊగిందో చూపే గీత) గీసి రంగులద్దమన్నారు. అందులో రొద ఎంతో తెలుస్తుంది, ఏ రొదో తెలియదు. స్పెక్ట్రోగ్రామ్ (అడ్డంగా కాలాన్ని, నిలువుగా ఫ్రీక్వెన్సీని, మెరుపుగా బలాన్ని చూపే బొమ్మ) తీస్తే మలుపులో చక్రం పట్టాను ఒరుసుకునే కీచు పైన సన్నటి మెరుపు గీతలుగా, పట్టాల అతుకుల టకటక నిలువు గీతలుగా, బయల్దేరే బండి మోటారు ఊళ పైకి పాకే వాలు గీతగా పడతాయి. బొమ్మకు ముడిసరుకు అదే.

రికార్డింగు 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు), 24 బిట్. ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని తనంతట తనే పెంచి తగ్గించే సెట్టింగు) ఆపెయ్యండి. లేకపోతే ఖాళీ ప్లాట్‌ఫాం నిశ్శబ్దాన్ని కూడా పైకి లాగి బండి రాకతో సమానం చేసేస్తుంది. బండి కంటే ముందు సొరంగంలోంచి తోసుకొచ్చే గాలి మైకును కొట్టి బొమ్మ అడుగంతా మసి పూస్తుంది. స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు వెయ్యండి. 80 హెర్ట్జ్ కింద కోసేద్దామంటే బండి గర్జన కూడా పోతుంది మరి!

స్పెక్ట్రోగ్రామ్‌కు ఒక్కోసారి లెక్కలోకి తీసుకునే శబ్దపు ముక్క, అంటే విండో, 4096 శాంపిళ్లయితే (దాదాపు 85 మిల్లీసెకన్లు) కీచు పదునుగా వస్తుంది, టకటక అలుక్కుపోతుంది. 1024 పెడితే సరిగ్గా తిరగబడుతుంది. రెండూ తీసి రెండు పొరలుగా ముద్రించడమే మేలు. నిలువు స్కేలు లాగరిథమిక్‌లో (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ ఒకే ఎత్తు) ఉంచండి, లీనియర్‌లో (ప్రతి హెర్ట్జ్‌కూ ఒకే ఎత్తు) గర్జన అడుగున నూలుపోగంత అయిపోతుంది.