మా పడవ మీది నాచు జోలికి రాకండి

చెన్నై వేళచ్చేరిలో కొన్ని అపార్ట్‌మెంట్లకి జిమ్ ఉంటుంది, కొన్నిటికి స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, మాకు పడవ ఉంది. జనరేటర్ గది పక్కన, విజిటర్స్ పార్కింగ్ స్థలంలో, రెండు సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టిన ఫైబర్ పడవ. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు మత్స్యకారులు తమ పడవలు తెచ్చి మునిగిన వీధుల్లో జనాన్ని గట్టెక్కించారు కదా, ఆ తడి ఆరకముందే మా వాళ్లు జనరల్ బాడీ పెట్టి, ఇకమీదట ఎవర్నీ బతిమాలాల్సిన పని లేదని తీర్మానించి, తలా కాస్త వేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ పడవ కొన్నారు. కొన్న రోజు కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు, సెల్ఫీలు దిగారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నది వాన ఒక్కటే.

ఇప్పుడేమో కొత్తగా అద్దెకొచ్చిన కుర్రాళ్లు కొందరు, పడవకి నాచు పట్టింది, బూజు కంపు కొడుతోంది, ఈశాన్య రుతుపవనాలు రాకముందే కడిగించండి అని గొడవ మొదలెట్టారు. ఈ ప్రతిపాదనను నేను పూర్తి బాధ్యతతో వ్యతిరేకిస్తున్నాను.

అసలు అక్కడ ఎవరెవరు కాపురం ఉంటున్నారో వీళ్లకి తెలుసా? కాంపౌండ్ గోడ నీడ పడే వైపు ఉన్నది నాచు. దానికి నిజమైన వేళ్లుండవు, సన్నటి పోగులతో అంటిపెట్టుకుంటుంది. మట్టి కూడా పెద్దగా అక్కర్లేదు, కాస్త దుమ్ము, కాస్త తడి, ఎన్నాళ్లైనా తొంగిచూడని యజమాని ఉంటే చాలు. మూడూ మేం ఏ లోటూ రాకుండా సమకూర్చాం. లోపల సీటు చెక్క మీదా, లైఫ్ జాకెట్ల మీదా నల్లచుక్కలుగా ఉన్నది బూజు. అది మా జాగ్రత్త వల్ల పుట్టింది. పడవ పాడవకూడదని నీలం టార్పాలిన్ కప్పి చుట్టూ తాళ్లతో బిగించాం, అది నడిమధ్య చిరిగింది, అందుకని వాన లోపలికి వెళ్లగలదు, అంచులు బిగిసి ఉన్నందువల్ల తడి మాత్రం బయటికి రాలేదు. నీళ్లు పోవడానికి అడుగున ఒక కన్నం ఉంది, దాని బిరడా తీసి ఉంచాలని ఎవరో అన్నారు, బిరడా పోతే బాధ్యత ఎవరిదని సెక్రటరీ గారు అడిగారు, దాంతో బిరడా క్షేమంగా ఉంది.

ప్రైవేటు స్థలాన్ని పన్నెండేళ్లు బాహాటంగా, అసలు యజమాని నోరెత్తకుండా అనుభవించినవాడు దాని మీద హక్కు అడగొచ్చని మన చట్టమే అంటోంది. నాచుకి ఆ గడువు దగ్గర పడుతున్న సమయంలో ఖాళీ చేయించడం ఎంత అన్యాయమో లాయర్లు చెప్పాలి.

ఇక పడవ ముక్కు దగ్గర బూడిదరంగులో గుండ్రంగా పరుచుకున్న మచ్చలున్నాయి చూశారూ, అది లైకెన్. అది ఒక్క జీవి కాదు, ఒక శిలీంధ్రమూ (బూజు జాతిది) ఒక శైవలమూ (నీటి పాచి జాతిది) కలిసి పెట్టిన కాపురం అని 1867లో ష్వెండెనర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు చెబితే అప్పటి లైకెన్ పండితులు చాలామంది ఆయన మీద విరుచుకుపడ్డారు. చివరికి ఆయన మాటే నిలిచింది. శిలీంధ్రం ఇల్లు ఇస్తుంది, శైవలం ఎండతో వంట చేస్తుంది. రెండు వేర్వేరు జాతులు మెయింటెనెన్స్ గొడవ లేకుండా ఒకే చప్పరు కింద బతకడం మా అపార్ట్‌మెంటులో ఆ ముక్కు మీద తప్ప ఇంకెక్కడా జరగలేదు. పైగా వీటిలో చాలా రకాలు ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతాయి. ఇంత ఓపిక ఉన్నవాళ్లు మన కమిటీలో ఎవరున్నారు? గాలి చెడితే చాలా లైకెన్లు బతకవు కాబట్టి, "స్వచ్ఛమైన గాలికి పడవే సాక్ష్యం" అని ఫ్లాట్లు అమ్ముకునేవాళ్లు ప్రకటనలో వేసుకోవచ్చు. కాలుష్యానికి లొంగని మొండి రకాలు కూడా ఉన్నాయి, మాది అదే కావచ్చు, ఆ సంగతి కొనేవాళ్లకి చెప్పాల్సిన అవసరం ఏముంది?

మూడో అంతస్తు ఆంటీ ఒకావిడ మాత్రం ఆ మచ్చల్ని కాస్త వేరే దృష్టితో చూస్తున్నారు. బిర్యానీలో వేసే రాతిపువ్వు, ఇక్కడ చెట్టినాడు మసాలాలో పడే కల్పాసి, అదీ లైకెనే, ఆ మాట నిజం. కానీ ఆంటీ, దయచేసి వద్దు. చుట్టూ ఉన్న లోహాల్ని లోపల దాచుకోవడం లైకెన్ల అలవాటు, మన చుట్టూ ఉన్నది జనరేటరు.

కడగాలనేవాళ్ల పథకాలు కూడా పరిశీలించాను. ఒక సాఫ్ట్‌వేర్ సార్, బ్లీచింగ్ ద్రావణంలో వెనిగరూ బాత్రూమ్ యాసిడ్డూ కలిపితే డబుల్ పవర్ వస్తుందన్నారు. నిజమే, వస్తుంది. బ్లీచ్‌లో ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు బయటికొస్తుంది, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. స్టిల్ట్ పార్కింగ్‌లో ఆ ప్రయోగం చేస్తే నాచుతో పాటు పార్కింగ్ తగాదాలు కూడా తీరిపోతాయి. ఇంకొకాయన మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, చల్లమన్నారు. చల్లితే పాచి చస్తుంది, కడిగిన నీళ్లు వాన కాలవలో పడి పల్లికరణై చిత్తడి దాకా వెళ్తే చేపలూ చస్తాయి. ఆ చిత్తడి 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకి, అంటే రామ్సర్ జాబితాకెక్కింది, మన పుణ్యాన దిగకుండా ఉంటే చాలు. అన్నభేది (ఐరన్ సల్ఫేట్) అన్నవాళ్లూ ఉన్నారు, దానికి నాచు నల్లబడి పోతుంది, బదులుగా తెల్ల పడవ మీద తుప్పు మరక మిగులుతుంది.

వైర్ బ్రష్షుతో రుద్దించాలన్న పెయింటర్ సూచనను మాత్రం నాచు తరఫున స్వాగతిస్తున్నాను. ఫైబర్ పడవకి మెరుపునిచ్చే పై పూత, జెల్‌కోట్, మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని గీకి గాట్లు పెడితే దుమ్మూ తడీ అందులోనే ఆగి, వచ్చే ఏడు నాచు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కార్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టినా నాకు అభ్యంతరం లేదు, తెగి ఎగిరిపడిన నాచు ముక్కలు చాలావరకు పడ్డచోట మళ్లీ మొలకెత్తగలవు. ఒక్క పడవకి బదులు పార్కింగ్ మొత్తం పచ్చగా ఉంటుంది.

అసలు ప్రమాదం వీళ్లెవరూ కాదు. కొటేషన్ కోసం కాశిమేడు చేపల రేవు నుంచి పిలిపించిన పెద్దాయన. పులికాట్ వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో నాచు గిల్లి చూసి, "ఏముంది సార్ ఇందులో" అన్నాడు. ముందు బిరడా పీకి నీళ్లు వదలాలట, పడవని నీళ్లతో బాగా తడిపి నానబెట్టాలట, ఎండిన లైకెన్‌తో కుస్తీ పట్టకూడదట, నానాక ప్లాస్టిక్ చెక్కతో నెమ్మదిగా గీకి, సబ్బునీళ్లూ నైలాన్ బ్రష్షుతో రుద్దితే ముప్పావు వంతు పోతుందట. మిగిలిన మరకలకీ లోపలి బూజుకీ బాగా పలచన చేసిన బ్లీచ్ ఒక్కటే, దాంట్లో ఇంకేమీ కలపకుండా, చేతికి గ్లౌజులేసుకుని, కాసేపుంచి కడిగెయ్యాలట. అప్పటికీ ఊడని లైకెన్ చచ్చి ఉంటుంది కాబట్టి కొన్ని వారాల్లో దానంతట అదే రాలిపోతుంది, తొందర పడొద్దు అన్నాడు. అడుగున ఉన్న పాత రంగు విషం కలిసినదై ఉండొచ్చు, పొడిగా సాండ్‌పేపర్ కొట్టి ఆ దుమ్ము పీల్చొద్దు అన్నాడు. ఆరాక మైనం పూసి, పడవని బోర్లించి, కింద గాలాడేలా ఎత్తుపెట్టి, నెలకోసారి ఎవరైనా బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వస్తే ఇక నన్ను పిలవక్కర్లేదు అన్నాడు. కూలి అడిగితే రెండు రోజుల కూలీ, టీ, మధ్యాహ్నం భోజనం.

కమిటీ దిగ్భ్రాంతి చెందింది. ఇంత తక్కువకి అవుతుందంటే ఇందులో ఏదో మోసం ఉండాలన్నారు ట్రెజరర్ గారు. జీఎస్టీ బిల్లు లేదు, పోల్చి చూడటానికి ఇంకో రెండు కొటేషన్లు లేవు. అన్నిటికంటే ఘోరం, ఆ "ఎవరైనా" అన్న మాట. నెలకోసారి వచ్చే ఆ ఎవరైనా ఎవరు అన్న ప్రశ్న మీద మీటింగ్ రాత్రి పదింటిదాకా సాగి, కోరం లేక ఆగిపోయింది. పెద్దాయనకి ఆటో చార్జీ ఇచ్చి పంపేశారు.

నాచు పట్టిన పడవ అవసరానికి పనికిరాదని కుర్రాళ్ల వాదన. 2023 డిసెంబరు తెలిసినవాళ్లెవరూ ఈ మాట అనరు. బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు మిచాంగ్ తుపాను మన నెత్తిన కుమ్మరించిన రోజున పార్కింగ్‌లోకి మొలలోతు నీళ్లొచ్చాయి. పడవ లేవడానికి నిజాయితీగా ప్రయత్నించింది. లోపలున్న పాత వాననీళ్లు, కుళ్లిన ఆకుల బరువుకి ఒక పక్కకి ఒరిగి ఆగింది. ఎక్కబోయిన వాచ్‌మన్ పాచికి జారి కూర్చున్నాడు. తెడ్లు అంతకుముందే నవరాత్రి పందిరికి గుంజలుగా వెళ్లి తిరిగి రాలేదు. లైఫ్ జాకెట్లు విప్పితే అందరూ తుమ్మారు. మర్నాడు ఎవరో మత్స్యకారులు తమ పడవ తెచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నారు. మా పడవ పక్కనుంచే వెళ్లాం, చాలామంది దాన్ని గర్వంగా ఫోటో తీసుకున్నారు. మాకు పడవ ఉంది అన్న ధైర్యం ఆ రోజు ఎంత అవసరమో అద్దెకున్నవాళ్లకేం తెలుస్తుంది?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పడవను అపార్ట్‌మెంట్ వారసత్వ సంపదగా ప్రకటించాలి. చుట్టూ ఇనుప కంచె వెయ్యాలి, దానికి ఒక్కో ఫ్లాట్ నుంచి చందా వసూలు చెయ్యాలి, కొటేషన్లు మూడు తెప్పించాలి. బకెట్టూ బ్రష్షూ పట్టుకుని అటు వెళ్లేవాళ్ల పేర్లు సెక్యూరిటీ రిజిస్టరులో రాయాలి. దీని మీద అభ్యంతరాలున్నవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు, డిసెంబరు ముప్పై ఒకటి తర్వాత పరిశీలిస్తాం.